లెటర్ పంపే ముందు ఇది ఒకసారి చదువు అబ్బీ

అబ్బీ,

విద్యుత్ నియంత్రణ మండలి తరఫున డిస్కంను, అంటే కరెంటు పంపిణీ కంపెనీని, లెక్కలు అడుగుతూ నువ్వు రాసి వాట్సాప్‌లో పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. 34 ప్రశ్నలు, ఏడు రోజుల గడువు, చివర్లో 'లేనిచో చట్టప్రకారం చర్యలు తీసుకోబడును' అని ఒక బెదిరింపు. నవ్వొచ్చింది నాకు. కర్నూల్లో దిన్నెదేవరపాడు రోడ్డులో మీ ఆఫీసు లేని రోజుల్లో, విద్యుత్ నియంత్రణ మండలి ఇంకా హైదరాబాదులోనే ఉన్నప్పుడు, డిస్కంలో లెక్కల సీట్లో కూర్చుని ఇట్లాంటి లెటర్లకు ఏళ్ల తరబడి జవాబులు రాసినవాణ్ణి నేను. అవతలి టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చెప్తా, విను.

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని మండలి రూలుంది కదా. ఒకసారి పైనుంచి కాగితం వచ్చింది, గడువు లోపల ఎన్ని మార్చారు, దాటి ఎన్ని మార్చారు తెలపండి అని. రెండే గళ్లు. కింద సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అతను "ఎంత వేసుకోమంటారు సార్" అన్నాడు. దాటినవి సున్నా అని వేశాం. ఆ నెలలోనే వేరుశనగకు తడి ఇవ్వాల్సిన టైంలో రైతులు కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని తామే ట్రాక్టర్‌లో వేసుకొచ్చి, రిపేర్ షెడ్డు బయట వేపచెట్టు కింద రెండు రాత్రులు పడుకున్నారు, నేను కళ్లారా చూశాను. పచ్చి అబద్ధం రాశామా అంటే అదీ కాదు. గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో ఆ కాగితంలో లేదు. రైతు ఫోన్ చేసినప్పటి నుంచా, లైన్‌మన్ వచ్చి చూసినప్పటి నుంచా, సరుకు షెడ్డు గేటు దాటినప్పటి నుంచా? మాకు ఏది కలిసొస్తే దాన్నుంచి లెక్కపెట్టుకున్నాం.

అదే కాగితంలో 'ఫలానా నెల ఫిర్యాదుల రిజిస్టర్ పేజీలు, షెడ్డులో సరుకు వచ్చిపోయిన రిజిస్టర్ పేజీలు, రెండింటి నకళ్లు పంపండి' అని ఉంటే మా పని అయిపోయేది. పక్కపక్కన పెట్టి చూస్తే ఆరో తరగతి పిల్లోడికైనా తెలిసిపోతుంది. నీకోసం కొత్తగా టైపు చేయించిన పట్టికను నమ్మొద్దు, నువ్వు అడగకముందే వాళ్ల అవసరానికి వాళ్లు రాసుకున్న పుస్తకాన్ని అడుగు, కొట్టివేతలతో సహా. ఇప్పుడు కంప్యూటర్లొచ్చాయి గానీ సంగతి అదే. ఒక్కో సర్వీసుకు, అంటే ఒక్కో కరెంటు కనెక్షన్‌కు, ఒక్కో వరుస ఉండే డేటా ఎక్సెల్‌లో అడుగు. స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపితే తిప్పి పంపు, అది మా కాలం నాటి ట్రిక్కు.

ఇక మాటలకు అర్థం రాయడం. 'మొత్తం సర్వీసులు ఎన్ని' అని అడిగావు. ఇచ్చిన సర్వీసులా, ఇప్పుడు బిల్లు వస్తున్నవా, కరెంటు కట్ చేసినా ఖాతాలో ఇంకా ఉన్నవి కూడానా? మూడింటికి మూడు అంకెలొస్తాయి, మూడూ నిజమే. 'అనంతపురం జిల్లా' అన్నావు, 2022 ఏప్రిల్ 4కు ముందుదా తర్వాతదా? పుట్టపర్తి వైపంతా శ్రీసత్యసాయి జిల్లాకు పోయింది, మీ కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది. పైగా పదిహేనేళ్ల లెక్క కావాలంటున్నావు. రాష్ట్రం విడిపోకముందు కర్నూలు, అనంతపురం హైదరాబాదు కేంద్రంగా ఉన్న డిస్కంలో ఉండేవి, కడప మాత్రం తిరుపతి డిస్కంలో. 2014లో ఆ రెండూ తిరుపతి కిందికి వచ్చాయి. ఆ పాత కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, గళ్లు ఖాళీగా ఉంటే బాగుండదని ఏదో ఒకటి నింపుతారు. ఐదేళ్లు అడుగు, చాలు.

వ్యవసాయ మోటార్ల సంగతి వేరే. వాటిలో చాలావాటికి మీటర్లు లేకుండానే ఏళ్లు గడిచాయి, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి ఆ రీడింగును బట్టి మొత్తం వాడకాన్ని అంచనా కట్టేవాళ్లు. కాబట్టి వాడకం ఎంత అని అడిగితే ఒక చక్కటి అంకె వస్తుంది, దాంతో నువ్వేం చేసుకోలేవు. ఏ ట్రాన్స్‌ఫార్మర్లు ఎంచారు, ఎన్నింటి మీటర్లు ఆగిపోయాయి, ఆగిపోయినవాటిని లెక్కలోంచి తీసేశారా, పక్కదాని రీడింగు వేశారా, ఇది అడుగు. అసలు కథంతా అక్కడే ఉంటుంది.

గడువు ఏడు రోజులంటావా. లెటర్ తిరుపతికి పోయి, అక్కణ్ణుంచి సర్కిల్, డివిజన్, సబ్‌డివిజన్, సెక్షన్ దాకా దిగేసరికే నాలుగు రోజులు. మిగిలిన మూడు రోజుల్లో సెక్షన్ చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) లైన్లు చూసుకోవాలా, నీ గళ్లు నింపాలా? మూడు వారాలివ్వు. నవంబరులో మాత్రం పంపొద్దు, 30వ తేదీ లోపల వచ్చే ఏడాదికి ఎంత ఆదాయం కావాలో ఆ లెక్క డిస్కం మీకే దాఖలు చేయాలి కాబట్టి అక్కౌంట్స్ వాళ్లకు నిద్రే ఉండదు. ఇంకోటి, ఆ దాఖలుచేసిన కట్టలో ముందే ఉన్నది మళ్లీ అడిగావో, 'ఇదివరకే సమర్పించియున్నాము' అని ఒక్క ముక్క రాసి మిగతా ప్రశ్నలు కూడా ఎగ్గొడతారు. మేం అట్లాగే చేసేవాళ్లం.

చట్టం మాటకొస్తే, 2003 విద్యుత్ చట్టం 94వ సెక్షన్ కింద పత్రాలు తెప్పించుకోడానికి మండలికి సివిల్ కోర్టుకున్న అధికారం ఉంది. ఏ సెక్షన్ కింద అడుగుతున్నావో, ఎందుకు అడుగుతున్నావో మొదటి లెటర్లోనే రెండు లైన్లలో రాయి, లేకపోతే ఫైలు లీగల్ వాళ్ల దగ్గర నెల కూర్చుంటుంది. 142వ సెక్షన్ జరిమానా, అదే లక్ష రూపాయల దాకా, తప్పు కొనసాగితే రోజుకు ఆరు వేల దాకా, ఆ మాట మూడో లెటర్‌కు దాచుకో. అయినా అది వేసేది మండలి, వాళ్ల వాదన విన్నాకే, నువ్వూ నేనూ కాదు.

లెటర్ కంటే ముందు ఫోన్ చెయ్యి. కంపెనీ పైన కూర్చునే సీఎండీకి కాదు, ఆ లెక్క నిజంగా రాసేవాళ్లకు. "ఇది మీ దగ్గర ఏ రిజిస్టర్‌లో ఉంటుంది సార్" అని అడుగు, సంతోషంగా చెప్తారు, ఎందుకంటే వాళ్లను అట్లా అడిగినవాళ్లు లేరు.

నీ 34లో తొమ్మిదికి టిక్కు పెట్టి తిప్పి పంపుతున్నాను. 17వ ప్రశ్న ఏందో నాకే అర్థం కాలేదు, అది నీకైనా అర్థమైతే ఉంచు. మార్చి రాసింది శనివారం రాత్రికి పంపు, ఆదివారం పొద్దున చూస్తా. తర్వాత మీ చిన్నమ్మను కంటి ఆపరేషన్‌కు తీసుకుపోవాలి, ఫోన్ తీయలేను.

మీ చిన్నాయన,
అనంతపురం