గోల్ఫ్ పుట్టింగ్‌లో (బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో, అంటే గుంటలో వేయడంలో) దూరం కుదరడం లేదు, ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేయాలి?

విజయనగరంలో ఉంటూ, వీలైనప్పుడు విశాఖ వెళ్ళి ఆడుతున్నానని, ప్రతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదా మూడేసి పుట్‌లు పడుతున్నాయని రాశారు. లైన్ (బంతి వెళ్ళే దిశ) గురించి టెన్షన్ పడకండి. ముప్పై అడుగుల పుట్‌లో బంతి పక్కకి అడుగు పోవడం చిన్న విషయం, ఆరడుగులు ముందే ఆగిపోవడమే అసలు సమస్య.

చిన్నప్పుడు గోళీలాడేటప్పుడు వేలి వంక చూసేవారా? గుంట వంకే కదా! ఇక్కడా అంతే. హోల్ వైపు చూస్తూ రెండు మూడు సార్లు పట్టర్ (పుట్టింగ్‌కి వాడే కర్ర) ఊపి, అదే ఊపుతో కొట్టండి. దూరం పెరిగితే పట్టర్‌ని ఇంకాస్త వెనక్కి తీయాలి, లయ మాత్రం మారకూడదు. మణికట్టు కదిపారో, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. భుజాలతోనే ఊపండి.

ఇంట్లో గచ్చు మీద వద్దు, బంతి జారిపోతుంది. జంపఖానా పరిచి, పట్టర్ తలకి అటూ ఇటూ వేలి మందం సందు వదిలి రెండు అగ్గిపెట్టెలు పెట్టండి. వాటికి తగలకుండా కొడితే బంతి పట్టర్ నడిమధ్యనే తగులుతుంది. అంచున తగిలితే ఎంత బాగా ఊపినా దూరం తగ్గిపోతుంది.

గురిగా స్టీలు గ్లాసు చాలు. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, గ్లాసు మూతి అంతకంటే చిన్నది. దానికి అలవాటు పడ్డాక కోర్సులో హోల్ బావిలా కనిపిస్తుంది!

అన్నట్టు, పొద్దున్నే మంచు తడి ఉంటే బంతి నెమ్మదిస్తుంది, కాస్త గట్టిగా కొట్టాలి.