పదిహేనుమంది ఉన్న కంపెనీలో చేరనా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది కూకట్‌పల్లి. అమెరికాలో మెకానికల్‌లో ఎమ్మెస్ పూర్తయింది, ఇప్పుడు ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొంతకాలం ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి మీద ఉన్నాను. పదిహేనుమంది పనిచేసే ఒక చిన్న కంపెనీ ఆఫర్ ఇచ్చింది. జీతం పర్వాలేదు, పని నచ్చింది. కానీ అమ్మావాళ్లు ‘పేరున్న కంపెనీ వచ్చేదాకా ఆగు, రేపు సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పుకోవాలి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, నీ మెయిల్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. రాణిగంజ్‌లో మా నాన్న షాపులో, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చదివాను. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు అమ్మే షాపు. ఇద్దరు గిరాకీలు ఒకేసారి లోపలికొస్తే మూడోవాడు మెట్టు మీదే నిలబడాలి. ఇంటర్ నుంచి బీటెక్ అయ్యేదాకా సాయంత్రాలు అక్కడే గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. నేను చెప్పబోయేదంతా అక్కడ మొదలైందే.

ఒకరోజు బాలానగర్ వర్క్‌షాపు నుంచి ఒకాయన నూనెగుడ్డలో చుట్టి పాత బేరింగ్ తెచ్చాడు. ‘నంబరు అరిగిపోయిందన్నా, గిసొంటిదే కావాలె’ అన్నాడు. నాన్న దాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూసి, వేలు దూర్చి చెవి దగ్గర తిప్పారు. ‘6204’ అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి బోరు, అంటే మధ్య రంధ్రం, ఎంతో తెలుస్తుందని చెప్పారు. నాలుగైదుల ఇరవై, అంటే 20 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 47. అక్కడితో ఆపలేదు. ఏ మిషన్‌ది, ఎన్ని నెలలు నడిచింది, నీళ్లు పడే చోటా, దుమ్ము చోటా అని అడిగారు. నీళ్ల పంపుదని తెలిశాక, రేకు మూతది పక్కనపెట్టి రబ్బరు సీలున్నది ఇచ్చారు. డబ్బులు తర్వాత ఇస్తానంటే ఉద్దెర పుస్తకంలో రాయమన్నారు. ఆ పావుగంటలో నేను చూసింది ఇంజనీరింగు, అమ్మకం, అప్పు, మనిషిని అంచనా కట్టడం. కాలేజీలో వీటిని నాలుగు సబ్జెక్టులుగా కూడా చెప్పలేదు.

2004లో ఒహాయోలో నాకొచ్చిన మొదటి ఉద్యోగం పంపులు బాగుచేసే కంపెనీలో. మొత్తం పన్నెండుమందిమి. ఇంటర్వ్యూలో యజమాని బల్ల మీదున్న బేరింగ్ తీసి నా చేతిలో పెట్టాడు. నంబరు చదివి బోరు ఎంతో చెప్పేశాను. ఆయన ముఖం ఇంకా గుర్తుంది. మొదటి ఏడాదిలోనే పంపు విప్పడం, టెస్టు చేయడం, కొటేషన్ రాయడం, రావాల్సిన డబ్బుల కోసం ఫోన్ చేయడం, అన్నీ నా చేతుల మీదుగా జరిగాయి. నాతోపాటు చదివి పెద్ద కంపెనీల్లో చేరినవాళ్లు తెలివైనవాళ్లే, జీతం కూడా నాకన్నా ఎక్కువే. కానీ వాళ్లలో కొందరు తాము గీసిన పార్టు ఎక్కడ బిగుస్తుందో రెండేళ్లయినా చూడలేదు. నేను బాగుచేసిన పంపు ఏ ఊరికి నీళ్లిస్తోందో నాకు తెలుసు.

కష్టం లేదని చెప్పను. ఇన్సూరెన్సు ప్లాన్లు తక్కువ, పక్కవాడు సెలవు పెడితే అతని పనీ మనదే. ఒక పెద్ద కస్టమర్ జారిపోతే కంపెనీ మొత్తం ఊగుతుంది. 2009లో మాకు అదే జరిగింది. యజమాని అందరినీ కూర్చోబెట్టి లెక్కలు ముందు పెట్టాడు. ఎవర్నీ తీసేయకుండా అందరూ వారానికి నాలుగు రోజులే పనిచేద్దామని అనుకున్నారు. కానీ నేను హెచ్‌1బీ (కంపెనీ వేయించే ఉద్యోగ వీసా) మీద ఉన్నాను, ఫుల్‌టైమ్ అని చూపించాక గంటలూ జీతమూ అలా తగ్గించుకునే వీల్లేదు. ఆ సంగతి చెప్పడానికే నాకు ప్రాణం మీదికొచ్చింది. అప్పుడు మా కంపెనీలో అందరికన్నా పెద్దాయన, వెల్డింగ్ చేసేవాడు, ‘ఈ అమ్మాయికి ఐదు రోజులూ ఉండనీయండి, మేం సర్దుకుంటాం’ అన్నాడు. ఏడు నెలలు అలాగే సర్దుకున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తున్నాయి.

ఇక నీ ఆఫర్ సంగతి. సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు తేల్చుకో. ఓపీటీ 12 నెలలే. నీది స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగు లాంటి) డిగ్రీ కాబట్టి ఇంకో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది, కానీ ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉంటేనే. చిన్న కంపెనీల్లో చాలావాటికి ఆ నమోదు ఉండదు, అవసరమని కూడా తెలియదు. సిగ్గుపడకుండా అడుగు. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద కూడా వాళ్లు సంతకం చేయాలి. హెచ్‌1బీ వేస్తారా లేదా అన్నదీ ఇప్పుడే అడగాలి, రెండేళ్ల తర్వాత కాదు. ‘పేరున్నది’ వచ్చేదాకా ఆగమంటున్న మీ అమ్మగారికి ఇంకో సంగతి చెప్పు: ఓపీటీలో మొత్తం 90 రోజులు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆగడానికి కూడా లెక్క ఉంది.

చిన్న కంపెనీ అనగానే మనవాళ్లలో కొందరికి పని లేకపోయినా ఉద్యోగం ఉన్నట్టు చూపించి దొంగ పేరోల్ నడిపే కన్సల్టెన్సీ గుర్తొస్తుంది. అది వేరు. నీ దగ్గరే డబ్బు అడిగినా, లేని అనుభవం రెజ్యూమెలో రాయమన్నా అక్కడినుంచి లేచి వచ్చెయ్. అలాగే నీ జూనియర్లకు చెప్పు, ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద చదువుతూ ‘మనవాళ్ల షాపే కదా’ అని క్యాష్‌కి గ్రోసరీలో, గ్యాస్ స్టేషన్‌లో నిలబడొద్దని. క్యాంపస్‌లో క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. బయట అనుమతి లేకుండా చేస్తే స్టేటస్ పోతుంది. షాపువాళ్ల మీద అభిమానం ఉంటే అక్కడ సరుకులు కొనండి చాలు.

కొనడం గురించి కూడా చెప్తాను, ఎందుకంటే చిన్న షాపు విలువ కౌంటరుకి ఇవతల నిలబడ్డప్పుడు కూడా తెలుస్తుంది. నేను కొన్న పాత కారు బ్రేకులు కీచుమంటే ఒక పెద్ద చోట నాలుగు చక్రాలకీ ప్యాడ్లు మార్చాలన్నారు. వీధి చివర ఒక్కడే నడుపుకునే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. చక్రం విప్పి, ప్యాడ్ మందం గేజ్‌తో కొలిచి నాకు చూపించి, ‘ముందువి మార్చు, వెనకవి ఇంకో ఏడాది వస్తాయి’ అన్నాడు. పద్దెనిమిదేళ్లయింది, మా ఇంట్లో కార్లన్నీ అక్కడికే వెళ్తాయి. ఇలాంటివాళ్ల దగ్గర చిన్న బిల్లయితే క్యాష్ ఇవ్వు. కార్డు గీస్తే అందులో రెండు మూడు శాతం వాళ్ల జేబులోంచి పోతుంది. పని బాగా చేస్తే నాలుగు మాటలు మంచిగా రివ్యూ రాయి. ఇంట్లో వండి అమ్మే మన ఆంటీ దగ్గర ‘మనవాళ్లమే కదా’ అని బేరమాడకు. ఆవిడా అన్ని సరుకులూ డాలర్లు పెట్టే కొంటుంది.

సంబంధాలవాళ్ల ప్రశ్నకి వస్తే, 500 మంది లోపు ఉన్నవాటిని చిన్న వ్యాపారాలుగా లెక్కేస్తే అమెరికాలో ప్రైవేటు ఉద్యోగుల్లో దాదాపు సగం మంది వాటిలోనే ఉన్నారు. కానీ అంకెలతో అమ్మావాళ్ల మనసు మారదని నాకు తెలుసు. నెలాఖరుదాకా నేను ఇక్కడే ఉంటాను. ఒక సాయంత్రం వాళ్లను రాణిగంజ్ రమ్మను. ఆరు దాటితే గిరాకీ తగ్గుతుంది, నాన్న కూడా తీరిగ్గా మాట్లాడతారు. ఇరానీ చాయ్ తెప్పిస్తాను.