అట్టడుగు జట్టు కప్పు గెలవగలదా?

ప్రశ్న: ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ జట్టు ఏ స్థానంలో నిలుస్తుందో ముందే చెప్పవచ్చా?

జవాబు: కొంతవరకే చెప్పవచ్చు. ఒక్కో జట్టు సీజన్‌లో 80కి పైగా మ్యాచ్‌లు ఆడుతుంది కనుక బలాబలాలు చాలావరకు బయటపడతాయి. అయితే అదనపు సమయంలో ఓడినా ఒక పాయింటు దక్కుతుంది కాబట్టి మధ్య స్థానాలను ఊహించడం కష్టం. నేనైతే ముందుగా గోల్‌కీపర్‌నే చూస్తాను. 2019 జనవరి మొదట్లో పట్టికలో అట్టడుగున ఉన్న సెయింట్ లూయిస్ బ్లూస్, అప్పటికి కొత్తవాడైన గోల్‌కీపర్ జోర్డాన్ బిన్నింగ్టన్ అండతో ఆ జూన్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది.

కప్పు విజేత అంచనాను మాత్రం విడిగా వేసుకోండి; కప్పు ఎవరిదో తేల్చేది పట్టిక కాదు, దాని తర్వాత జరిగే నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్. 2022-23లో రికార్డు స్థాయిలో 135 పాయింట్లు సాధించిన బోస్టన్ బ్రూయిన్స్‌పై, ప్లేఆఫ్స్ తొలి రౌండులో నిర్ణయాత్మకమైన ఏడో మ్యాచ్‌లో, ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా ఫ్లోరిడా పాంథర్స్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 4-3తో గెలిచింది.