పాత బుల్లెట్ ఇంజన్ పని: ముందు కొలతలు, తర్వాతే కొనుగోళ్లు

ప్రశ్న: నాన్నగారు 1984లో కొన్న బుల్లెట్ 350కి వెనుక మడ్‌గార్డు కత్తిరించి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి, సింగిల్ సీటు, పొట్టి సైలెన్సర్ పెట్టించాను. ఇప్పుడు నీలిపొగ వస్తోంది, ఇంజన్‌లో టకటక శబ్దం వినిపిస్తోంది. ఎలాగూ విప్పుతున్నాం కనుక హై కంప్రెషన్ పిస్టన్, పెద్ద కార్బురేటర్ వేద్దామని మెకానిక్ అంటున్నారు. నాకు వేగం అక్కరలేదు. శ్రీశైలం ఘాట్ ఎక్కి నిశ్చింతగా తిరిగి రాగలిగితే చాలు. పని ఎలా చేయించాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఆ రెండూ వద్దని మెకానిక్‌తో గట్టిగా చెప్పండి. ఈ ఇంజన్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 90 మి.మీ. స్ట్రోకు ఇంత పొడవు కావడం వల్ల నిమిషానికి 3,500 చుట్ల వద్ద సెకనుకు 10.5 మీటర్లుండే పిస్టన్ సగటు వేగం 5,000 చుట్లకు 15 మీటర్లవుతుంది, ఆ భారమంతా పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ మీద, క్రాంక్ వైపున్న దాని బేరింగు అయిన బిగ్ ఎండ్ మీద పడుతుంది. బోరు పెంచినా ఒరిగేది తక్కువే: ఒక మి.మీ. పెంచితే 346 సీసీ ఇంజన్ 356 సీసీ అవుతుంది, అంతే.

విప్పే ముందే పొగను గమనించండి. యాక్సిలరేటర్ ఇచ్చి ఎత్తు ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ రింగులనూ బోరునూ, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ గైడ్లనూ (వాల్వులు కదిలే గొట్టాలు) ముందుగా అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక తగ్గే శబ్దం సాధారణంగా పిస్టన్‌ది. లోడు పడినప్పుడు బరువుగా కొట్టుకునే శబ్దమైతే బిగ్ ఎండ్‌ది కావచ్చు. సిలిండర్ తీశాక రాడ్డును పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కకు కొద్దిగా కదలడం సహజమే గానీ, నిలువుగా ఏమాత్రం ఆట ఉన్నా క్రాంక్ విప్పక తప్పదు. నా దృష్టిలో మీ డబ్బులో పెద్ద భాగం ఖర్చు కావలసింది ఇక్కడే. క్రాంక్‌ను మళ్ళీ కూర్చాక ఫ్లైవీళ్ల షాఫ్టులు డయల్ గేజ్ కింద 0.05 మి.మీ. లోపు ఊగేలా ట్రూయింగ్ (వంకర లేకుండా సరిచేయడం) చేయగల లేత్ షాపునే వెతకండి, చెవితో విని సరిపోయిందనే చోట ఇవ్వకండి.

బోరును పైన, మధ్యన, కింద, రెండేసి దిశల్లో కొలిపించి, అరుగుదల పోవడానికి సరిపడే అతి చిన్న ఓవర్‌సైజ్ (అసలు కొలత కన్నా పెద్దదైన) పిస్టన్‌నే కొనండి. కొన్న పిస్టన్‌ను లేత్ షాపువాళ్ల చేతికిచ్చి, దాని కొలతకే బోరు కొట్టించాలి. కొత్త రింగులను బోరులో పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్న రేకులు) చూస్తే రింగు కొసల మధ్య సుమారు 0.30 మి.మీ. సందు ఉండాలి. ఆయిల్ పంపులు రెండింటినీ విప్పి శుభ్రం చేయించి, ఫెల్ట్ ఫిల్టర్‌ను తప్పక మార్చండి. రాతి నేల మీద పడిన నీటిలా ఆయిల్ జారిపోయే ఇంజన్‌లో ఎంత మంచి పిస్టన్ వేసినా నిలవదు.

కస్టమ్ పని వల్ల వచ్చిన చిక్కు వేరే ఉంది. ఫిల్టర్ లేని కార్బురేటర్ మన రోడ్ల దుమ్మును నేరుగా బోరులోకి పంపుతుంది. పొట్టి సైలెన్సర్ కూడా తోడైతే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, ఘాట్‌లో పిస్టన్ విపరీతంగా వేడెక్కే ప్రమాదం ఉంది. కనుక సీటు కింద ఎంత చిన్నదైనా సరే ఒక ఫిల్టర్‌కు చోటు చేయించి, ప్లగ్గు తెల్లబడకుండా లేత గోధుమ రంగులో ఉండేవరకు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ సరిచేయించండి.

పని పూర్తయ్యాక 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, తొలి 800 కి.మీ. వరకు 50 కి.మీ. వేగం దాటకండి, ఒకే వేగంతో ఎక్కువసేపు నడపకండి. మొదటి ఆయిల్‌ను మాత్రం 200 కి.మీ.లోపే మార్చి, చల్లారిన ఇంజన్ మీద సిలిండర్ హెడ్డు నట్లు మళ్ళీ బిగించాలి. శ్రీశైలం ప్రయాణం ఆ తర్వాతే.

ప్రశ్న: బుల్లెట్ క్రాంక్‌కేసు (క్రాంక్ ఉండే ఇంజన్ కింది పెట్టె) పగిలితే మరో పాత బండి కేసు వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంజన్ నంబరు ఉండేది ఆ కేసు మీదే కాబట్టి, వీలైనంతవరకు మీ కేసునే వెల్డింగ్ చేయించి, జాయింటు ముఖాలను మళ్ళీ మెషినింగ్ చేయించండి. మార్చక తప్పకపోతే పాత యజమాని ఇచ్చిన కాగితాలతో ముందుగా ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి, కొత్త నంబరును ఆర్సీలో నమోదు చేయించుకోండి. ఉన్న నంబరును అరగదీసి మీ నంబరు కొట్టించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, అది నేరం.