ఓర్పు ఎంతవరకు?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయి ఏడేళ్లయింది. రెండేళ్ల క్రితం జబ్బుపడినప్పుడు పక్కింటి ఆవిడతో ప్రార్థనకు వెళ్లి యేసుప్రభువును నమ్ముకున్నాను. అప్పటి నుంచి అత్తగారు నా కంచం, గ్లాసు వేరుచేశారు. ఆదివారం ఆరాధనకు బయలుదేరే వేళకు మిరపకాయల బస్తా నా ముందు పెట్టి, తొడిమలు తీసి వెళ్లమంటారు. బైబిలును బియ్యం డబ్బాలో దాచుకొని చదువుకుంటున్నాను. దసరాకు చుట్టాలందరి ముందు ‘మీరు మొక్కేవి ఉత్త బొమ్మలు’ అన్నానని మావారు కొట్టారు. తర్వాత మరి రెండుసార్లు చెయ్యిచేసుకున్నారు. పాస్టరుగారు ‘ఇది నీ సిలువ, ఓర్చుకోమ్మా’ అన్నారు. ఎంతవరకు ఓర్చుకోవాలి?
– ఒక సోదరి

జవాబు: సోదరీ, మీరు ఒక్క బాధగా రాసినది నిజానికి ఒక్కటి కాదు. వేరు కంచం, ఆదివారం బస్తా మాత్రం మీ విశ్వాసాన్ని బట్టి వచ్చినవే. పేతురు మొదటి పత్రిక అందుకున్నవారి కష్టాలూ చాలావరకు ఇలాంటివే. పూర్వంలా తమతో కలిసి విందులకు రావడం లేదని ఇరుగుపొరుగువారు వింతపడి దూషిస్తున్నారని ఆయన నాలుగో అధ్యాయంలో రాశాడు. 1842లో మిషనరీ హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ ప్రారంభించి ఇన్నేళ్లయినా, ఒక ఇంట్లో మొదట నమ్ముకున్న మనిషికి ఆ ఒంటరితనం తప్పడం లేదు. మూడో తరం, నాలుగో తరం విశ్వాసులమని చెప్పుకొనే మాలాంటివాళ్లం ఆ సంగతి తరచూ మరచిపోతాము. అత్తగారి మాటలను ప్రార్థనతో, పనిలో లోటు రానీయకుండా ఓర్చుకోండి. తొడిమలు శనివారం రాత్రే తీసి పెట్టగలిగితే పెట్టండి. అది ఓడిపోవడమని అనుకోకండి.

దసరానాటి మాట విషయంలో మాత్రం మీ పక్షాన నిలబడలేను. అదే అధ్యాయంలో పేతురు, దొంగగానో ‘పరులజోలికి పోవువాడు’గానో ఎవరూ బాధపడకూడదన్నాడు. ఎఫెసులో అర్తెమి దేవి భక్తులు అల్లరి చేసినప్పుడు, పౌలు సహచరులు గుడి దోచినవారు కారని, మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పినవాడు ఆ పట్టణపు అధికారే. మన తెలుగు బైబిలులో ఆయనను చక్కగా ‘కరణము’ అన్నారు. విగ్రహారాధన విషయంలో పౌలు అభిప్రాయం ఎవరికీ తెలియనిది కాదు. అయినా ఎదుటివారు అలా చెప్పగలిగేలా ఆయనతో ఉన్నవారు మసలుకున్నారు. కాబట్టి మీ నమ్మకాన్ని వదులుకోకుండానే, ఆ మాట అన్నందుకు అత్తగారిని క్షమాపణ అడగండి.

అయితే మీ మాట తప్పయినంత మాత్రాన మీవారు కొట్టడం ఒప్పు కాదు. పాస్టరుగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ సలహా సరికాదు. క్రీస్తు నిమిత్తం ఎన్నో దెబ్బలు తిన్న పౌలే, యెరూషలేములో తనను కొరడాలతో కొట్టడానికి కట్టివేస్తుండగా, శిక్ష విధించకుండా రోమా పౌరుణ్ణి కొట్టవచ్చునా అని శతాధిపతిని నిలదీశాడు. స్ముర్న బిషప్పు పోలికార్పు ఎనభై ఆరేళ్లు క్రీస్తును సేవించానని చెప్పి ప్రాణమిచ్చినవాడు. ఆయన కూడా స్నేహితుల మాట విని ముందు ఊరి బయటి పొలానికి తప్పుకున్నాడు, చివరకు పట్టుకోవడానికి వచ్చినవారికి భోజనం పెట్టించి, ప్రార్థనకు కాస్త వ్యవధి అడిగాడు. తప్పుకున్నందుకు ఆయనను పిరికివాడని సంఘం ఎన్నడూ అనలేదు.

మీకూ చట్టం ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద మీవారిపై రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కునూ అడగవచ్చు. మళ్లీ చెయ్యెత్తితే 181కి ఫోన్ చేయండి, ప్రాణభయముంటే 112కి. పుట్టింటివారికి ఈ సంగతి ఇవాళే చెప్పండి. పక్కింటి ఆవిడకూ చెప్పి ఉంచండి, రాత్రివేళ తలుపు తట్టగలిగిన దూరంలో ఉన్నది ఆమే కదా. అవిశ్వాసి అయిన భర్త కాపురానికి ఇష్టపడితే అతణ్ణి విడిచిపెట్టవద్దని కొరింథీయులకు పౌలు రాసిన మాటను కొందరు మీకు వినిపిస్తారు. కొట్టించుకుంటూ పడి ఉండమని ఆ మాటకు అర్థం చెప్పనివ్వకండి.

బియ్యం డబ్బాలోని బైబిలును ఇప్పుడే బయటికి తీయనక్కరలేదు. మీవారు చల్లబడి, మీతో కూర్చుని మాట్లాడే రోజున, అది ఎక్కడ ఉంచుకుంటున్నారో ఆయనకు మీరే చెప్పండి.