పైపాక్‌కు ఒప్పుకునే ముందు

తిరుపతి

అల్లుడూ, ఆశీస్సులు.

అమ్మ రిపోర్టులు చూశాను. జీర్ణాశయంలోని క్యాన్సరు పెరిటోనియం మీదికి, అంటే పేగుల్ని కప్పి ఉండే పల్చటి పొర మీదికి, గింజలు చల్లినట్టు పాకింది. ఆ పొరకు రక్తం అంతంతమాత్రం. నరంలో ఎక్కించే కీమో అక్కడికి సరిగా చేరదు. డాక్టర్లు పైపాక్, అంటే కీమో మందును పొట్టలోకే పీడనంతో తుంపరగా వదిలే పద్ధతి, మాట ఎత్తింది అందుకే. అది రోగాన్ని అణిచి ఉంచడానికి, పొట్టలో నీరు తగ్గించడానికి. నయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నరం కీమో మానేసి ఇదొక్కటే చేయిద్దామన్నా ఒప్పుకోవద్దు.

పూర్తి మత్తిచ్చి పొట్టకు రెండు చిన్న రంధ్రాలు పెడతారు. కార్బన్ డయాక్సైడ్‌ను 12 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) పీడనానికి నింపుతారు. కెమెరాతో చూసి, నీరు కొలిచి, పొరలోంచి ముక్కలు తీశాక మందును మంచులాంటి తుంపరగా వదిలి 30 నిమిషాలు ఉంచుతారు. ఆ పీడనమే మందును గడ్డల్లోకి నెడుతుంది. మందు గాలి పీల్చకూడదు కాబట్టి ఆ అరగంటా సిబ్బంది బయటినుంచే మానిటర్ చూస్తుంటారు.

జీర్ణాశయానికి ఎక్కువగా వాడేది సిస్‌ప్లాటిన్, డాక్సోరుబిసిన్. మొదట్నుంచీ ఉన్న లెక్క ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు వరసగా 7.5, 1.5 మిల్లీగ్రాములు, ఈమధ్య కొన్నిచోట్ల 10.5, 2.1 ఇస్తున్నారు. అమ్మ ఒంటి వైశాల్యం 1.5 చదరపు మీటర్లనుకుంటే పాత లెక్కన సిస్‌ప్లాటిన్ 11 మిల్లీగ్రాముల పైచిలుకు, అంతే. మందు చవకే. బిల్లు పెరిగేది మందును తుంపరగా మార్చే, ఒక్కసారి వాడి పారేసే నెబ్యులైజరుతో, థియేటరుతో. ఎస్టిమేట్ మూడు విడతలకూ కలిపి రాయించుకో. ఆరు వారాలకొకటి చొప్పున మూడు చేస్తేగాని ఫలితం తేలదు. ఒక్కదానితో ఆపితే డబ్బు పోయినట్టే.

పాత ఆపరేషన్ ఉంటే పేగులు అతుక్కుపోయి లోపలికి దారే దొరకదు. దారి దొరక్కపోతే ఎంత బిల్లు వేస్తారో ముందే అడుగు. పేగు మూసుకుపోయి వాంతులవుతుంటే ఇది పనికిరాదు. కాలేయానికో ఊపిరితిత్తులకో బాగా పాకి ఉన్నా అంతే. నరం కీమోకూ దీనికీ మధ్య దాదాపు రెండు వారాల ఎడం ఉంచుతారు, తేదీలు ఇద్దరు డాక్టర్లకూ చూపించు. రక్తం పల్చబరిచే బిళ్లలు వేసుకుంటుంటే తప్పక చెప్పు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూపించు, సిస్‌ప్లాటిన్ కిడ్నీని ఇబ్బంది పెడుతుంది.

వేలూరైనా, చెన్నై అయినా బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (ముక్కను మైనంలో పెట్టి దాచినవి), సీటీ స్కాన్ సీడీ నీ చేతిసంచిలోనే ఉండాలి. జిరాక్సులతో పని జరగదు.

ఇంటికొచ్చాక రెండు రోజులు మూత్రం, వాంతి ముట్టేటప్పుడు గ్లవుజులు వేసుకో, ఫ్లష్ రెండుసార్లు కొట్టు. కాస్త నొప్పి, జ్వరం మామూలే. పొట్ట బిగుసుకున్నా, గాలి పోకపోయినా, మూత్రం తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లు. అలిపిరి మెట్ల మొక్కు ఉంది కదా, దాని మాట మూడో విడత అయ్యాక చూద్దాం.

మీ మామ