కారులో సీడీ ‘ఎర్రర్’ చూపించి, కాసేపటికి దానంతటదే ఎందుకు పాడుతుంది?

వైజాగ్ లాంటి తేమ ఊళ్లో ఇలా జరిగితే, ఎక్కువసార్లు కారణం ప్లేయర్ లోపలి లెన్స్‌కు ఆవిరి పట్టడమే. సీడీలో డేటా వరుసల మధ్య దూరం దాదాపు 1.6 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). వాటిని చదివే లేజర్ కిరణం ఓ బుల్లి లెన్స్ గుండా వెళ్తుంది. దాని మీద పలచగా తేమ చేరినా కిరణం చెదిరిపోతుంది, కళ్లద్దాలు మసకబారినట్టే.

ఉదాహరణకు గాజువాక నుంచి ఏసీ గట్టిగా వేసుకుని వచ్చి, ఆర్కే బీచ్ దగ్గర తలుపులు బార్లా తీశారనుకోండి. సముద్రపు గాలిలోని తేమ చల్లబడిన స్టీరియోలోకి చేరి నీరుగా మారుతుంది. సీడీ బయటికి తీసి గంటసేపు వదిలేయండి, అదే ఆరిపోతుంది.

చాలామంది లేజర్ పోయిందనుకుని కొత్త సెట్‌కి బేరమాడేస్తారు. లేదంటే క్లీనర్ డిస్క్ తిప్పుతారు. అది దుమ్ము కోసం, తేమకు కాదు. తడి ఉండగా తిప్పితే ఆ దుమ్మే లెన్స్‌కు అంటుకోవచ్చు కూడా. వాతావరణంతో సంబంధం లేకుండా, మంచి కంపెనీ సీడీలు కూడా ఏ రోజూ ఆడకపోతే అప్పుడు లేజర్‌ని అనుమానించాలి. ఇంట్లో రాసుకున్న రీరైటబుల్ (చెరిపి మళ్లీ రాసుకోగల) సీడీలు మాత్రమే మొరాయిస్తే అది వేరే సంగతి: అవి కాంతిని బాగా తక్కువగా తిప్పి పంపుతాయి, పాత సెట్లు చాలావరకు వాటిని చదవలేవు.